చెంఘీజ్ ఖాన్ ఏ పార్టీ? దండయాత్రల మీద, కన్జర్వేటివ్ రాజకీయం మీద నడిచే సెటైర్ గురించి

విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ దేశచరిత్రల మీద రాసిన కవితలో జెంఘిజ్‌ఖాన్, తామర్లేన్, నాదిర్షా, ఘజ్నీ, ఘోరీ, సికిందర్ అని పేర్లు వరసపెట్టి చదివి అందర్నీ కలిపి హంతకులుగా తేల్చేశాడు, అంతటితో ఆగకుండా పిండారీలనీ థగ్గులనీ కూడా తీసుకొచ్చి దగ్గర్లోనే నిలబెట్టాడు. చక్రవర్తికీ దారిదోపిడీ చేసేవాడికీ తేడా అంతా సైజులోనే ఉందన్న ఆలోచన చాలా పాతది. అయిదో శతాబ్దంలో సెయింట్ అగస్టీన్ ఒక కథ చెప్తాడు. అలెగ్జాండర్ ముందుకి ఒక సముద్రపు దొంగని పట్టుకొస్తారు, సముద్రం మీద జనాన్ని ఎందుకు పీడిస్తున్నావ్ అని అడిగితే వాడు, నువ్వు లోకం మొత్తాన్ని ఎందుకు పీడిస్తున్నావో నేనూ అందుకే, నాది చిన్న పడవ కాబట్టి దొంగ అంటున్నారు, నీకు పెద్ద నౌకాదళం ఉంది కాబట్టి చక్రవర్తి అంటున్నారు అని జవాబు చెప్తాడు. దండయాత్రల మీద తర్వాత వచ్చిన వెటకారంలో చాలా భాగం ఆ దొంగ జవాబుకి కొనసాగింపే. 1725లో లండన్‌లో ఉరితీసిన జోనథన్ వైల్డ్ అనే దొంగల నాయకుడి జీవితాన్ని 1743లో హెన్రీ ఫీల్డింగ్ ఒక మహాపురుషుడి చరిత్రలాగా రాసి, దాంతో బ్రిటన్ ప్రధానమంత్రిగా చేసిన వాల్పోల్‌ని ఉతికి ఆరేశాడు, అదీ ఈ దారిలోదే.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లీష్ రాజకీయాల్లో ఇంకో రకం జోక్ పుట్టింది. ఎవరైనా లీడర్ బాగా కన్జర్వేటివ్, అంటే పాత పద్ధతుల్ని కాపాడాలనే కుడిపక్షంవాడు అయితే అతను చెంఘీజ్ ఖాన్‌కి కూడా కుడిపక్కన కూర్చుంటాడు అనడం, లేదా హూణుల రాజు అట్టిలా కన్నా రైట్ వింగ్ అనడం. ఇప్పుడది మన మీమ్ పేజీల్లోకీ వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చేసింది, చెంఘీజ్ బదులు హిట్లర్ ఉంటాడు అంతే, ఇంట్లో స్ట్రిక్ట్‌గా ఉండే నాన్న దగ్గర్నుంచి ఢిల్లీలో మంత్రి దాకా అందరికీ ఒకటే పేరు. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఆ జోక్‌లో చాలా మాటలు ఒకేసారి మడతపెట్టి ఉన్నాయి. దండెత్తినవాడు క్రూరుడు అంటోంది, ఆ క్రూరత్వం కుడిపక్షానిది అంటోంది, ఇవాళ్టి కన్జర్వేటివ్ కూడా ఆ జాతివాడే అంటోంది. మొదటిదాంతో పేచీ లేదు. రెండోది చరిత్రలో నిలబడదు. మూడోది కొన్నిసార్లు నిజమే, కానీ ఏ కారణం వల్ల నిజమో ఆ జోక్ వేసేవాళ్ళు చెప్పరు, ఆ కారణం తెలియాలంటే మంగోలియా వెళ్ళక్కర్లేదు, వైజాగ్ చుట్టుపక్కల యాభై కిలోమీటర్లు తిరిగితే దొరుకుతుంది.

ముందు చెంఘీజ్ సంగతి. 1206లో తెముజిన్ అనే అతన్ని గడ్డిమైదానాల తెగలన్నీ కలిసి చెంఘీజ్ ఖాన్‌గా ఎన్నుకునే నాటికి అతను చేసిన పని పాతదాన్ని కాపాడటం అస్సలు కాదు. తాతముత్తాతల నుంచి వస్తున్న తెగల కట్టుబాటుని ముక్కలు చేసి మనుషుల్ని పది, వంద, వెయ్యి, పదివేల లెక్కన కొత్త దళాల్లో కలిపేశాడు, ఏ తెగలో పుట్టావన్నది పక్కకి పోయి ఎవరి దళంలో ఉన్నావన్నది ముఖ్యమైపోయింది. తన గుర్రాన్ని బాణంతో కొట్టిన శత్రువు జెబేని శిక్షించకుండా సేనాపతిని చేశాడు. ఏ మతం పూజారులైనా పన్ను కట్టక్కర్లేదన్నాడు, అతనూ అతని వారసులూ కలిసి గుర్రాలు మార్చుకుంటూ వార్త తీసుకెళ్ళే యామ్ వ్యవస్థని ఖండం పొడుగునా పెట్టారు. ఆ కాలపు మంగోల్ కులీనుల దృష్టిలో చూస్తే ఇతనే పెద్ద విప్లవకారుడు, పాత పద్ధతే బాగుందన్నవాళ్ళు ఇతని చేతిలో ఓడిపోయినవాళ్ళు.

ఇది చదివి అయితే మంచోడే కదా అనుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, వ్యాపారానికి దారులు తెరిచాడు, టాలెంట్‌ని గుర్తించాడు, మేనేజ్‌మెంట్ పాఠాలు నేర్చుకోవాలి అంటూ వీడియోలు కూడా వస్తున్నాయి. అదే మనిషి 1202లో తాతార్లని ఓడించాక బండి చక్రం ఇరుసు చీల ఎత్తు దాటిన మగవాళ్ళందర్నీ చంపించాడని మంగోలులు తమకోసం తాము రాసుకున్న చరిత్రే చెప్తుంది, శత్రువులు అంటగట్టింది కాదు. 1218లో ఒత్రార్‌లో తన వర్తక బృందాన్ని చంపారని మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యం మీదకి వెళ్ళి 1221 నాటికి మెర్వ్, నిషాపూర్ లాంటి నగరాల్ని తుడిచిపెట్టేశారు. పాత చరిత్రకారులు ఇచ్చిన మృతుల లెక్కలు నమ్మలేనంత పెద్దవి, వాటిని తగ్గించి చూసినా ఆ ఊళ్ళు మళ్ళీ మామూలు కావడానికి తరాలు పట్టింది. కాబట్టి అతను కన్జర్వేటివ్ కాదు అని చెప్పడం అతనికి సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. పాతదాన్ని బద్దలుకొట్టేవాడు కూడా జనాన్ని చంపుతాడు, ఒక్కోసారి పాతదాన్ని కాపాడేవాడికన్నా ఎక్కువే చంపుతాడు, జోక్‌లో ఈ ముక్క పూర్తిగా జారిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు. ఆధునిక కన్జర్వేటివ్ ఆలోచనకి మూలపురుషుడని అందరూ చెప్పే ఎడ్మండ్ బర్క్ నిజానికి బ్రిటన్‌లో టోరీలకి, అంటే తర్వాతి కన్జర్వేటివ్‌లకి, ఎదురువైపు ఉన్న విగ్ పార్టీవాడు, 1790లో ఫ్రెంచ్ విప్లవాన్ని తిడుతూ రాసిన పుస్తకంతో ఆ పేరు తర్వాత వచ్చింది. సమాజం ఒక తరం చేతిలో బొమ్మ కాదు, పోయినవాళ్ళదీ పుట్టబోయేవాళ్ళదీ కూడా, దాన్ని ఒక్కరోజులో పడగొడితే చివరికి సైన్యం చేతిలోకి పోతుంది, ఎవడో ఒక జనాదరణ ఉన్న సేనాపతి వచ్చి అందరికీ యజమాని అవుతాడు అని అందులో హెచ్చరించాడు. బర్క్ 1797లో చనిపోయాడు, 1799లో నెపోలియన్ అధికారం లాక్కున్నాడు, 1804లో చక్రవర్తి అయ్యాడు. అంటే కన్జర్వేటివ్ రాజకీయం పుట్టినప్పుడు దాని గుండెల్లో ఉన్న అసలు భయం దండెత్తేవాడే.

ఇంకా ముఖ్యమైనది మనకి సంబంధించింది. అదే బర్క్ ఇండియాలో ఈస్టిండియా కంపెనీ మాజీ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌ని పార్లమెంటు బోనులో నిలబెట్టాడు. 1788లో మొదలైన విచారణ 1795 దాకా ఏడేళ్ళు సాగింది. బనారస్ రాజా చైత్ సింగ్‌ని పీడించడం, అవధ్ బేగంల సొమ్ము లాక్కోవడం ఇవన్నీ అభియోగాల్లో ఉన్నాయి. ఆసియాలో పద్ధతులు వేరు కాబట్టి అక్కడ అలాగే పాలించాలి అన్న వాదన వస్తే, నీతి అక్షాంశాన్ని బట్టి మారదని బర్క్ గట్టిగా కొట్టిపారేశాడు. చివరికి హేస్టింగ్స్ నిర్దోషిగా బయటికొచ్చాడు, అది వేరే బాధ. కానీ కంపెనీ దోపిడీ మీద లండన్‌లో అందరికన్నా కోపంగా మాట్లాడినవాళ్ళలో ఒకడు కన్జర్వేటివ్‌ల ఆదిగురువు అన్న సంగతి మన స్కూలు పుస్తకాల్లో ఎక్కడో ఒక లైన్‌లో పోతుంది, అది తెలిసిన మనిషి చెంఘీజ్ జోక్ అంత తేలిగ్గా వేయలేడు.

కార్టూన్లు చూసినా అంతే. నెపోలియన్‌ని పొట్టివాడిగా, కాళ్ళు నేలకేసి కొట్టే చిన్నపిల్లాడిగా ప్రపంచం మొత్తానికి అలవాటు చేసిన జేమ్స్ గిల్‌రే 1797 నుంచి బ్రిటన్ ప్రధాని పిట్ ప్రభుత్వం దగ్గర పింఛను తీసుకున్నవాడు. నెపోలియన్ మామూలు ఎత్తే, ఆ పొట్టితనం చాలావరకు ఆ బొమ్మల చలవ. విజేత మీద ఎగతాళి అప్పట్లో కన్జర్వేటివ్ వైపు ఆయుధం. అయినా గిల్‌రే గొప్పతనం ఏంటంటే 1805లో వేసిన బొమ్మలో భూగోళాన్ని పుడ్డింగ్‌లా కోసుకుంటున్నది నెపోలియన్ ఒక్కడే కాదు, తనకి పింఛనిచ్చిన పిట్ కూడా ఎదురుగా కూర్చుని సముద్రం ఉన్న పెద్ద ముక్క కోసుకుంటుంటాడు. డబ్బిచ్చినవాడి ప్లేటు కూడా చూపించిన సెటైర్ అది. ఇవాళ పార్టీ ఐటీ సెల్ జీతం మీద బతికే మీమ్‌లో ఆ ధైర్యం వెతికినా దొరకదు.

మరి జోక్‌లో నిజం ఎక్కడుంది? బర్క్ దగ్గరే ఉంది. మొదట్లో బలప్రయోగంతో మొదలైన ప్రభుత్వాలు కూడా చాలాకాలం నడిచాక చట్టబద్ధంగా పండుతాయి అని అతనే రాశాడు. డేవిడ్ హ్యూమ్ 1748లోనే ఇంకా సూటిగా, ఇప్పుడున్న ప్రభుత్వాలు దాదాపు అన్నీ ఆక్రమణ మీదో దండయాత్ర మీదో మొదలైనవే అన్నాడు. అంటే దండెత్తినవాణ్ణి కన్జర్వేటివ్ అసహ్యించుకుంటాడు, కానీ అతని మనవడి ఆస్తిని మాత్రం ఆచారం పేరుతో కాపాడతాడు. మధ్యలో ఎన్ని తరాలు గడిస్తే దోపిడీ వారసత్వం అవుతుంది అన్న ప్రశ్నకి ఆ సిద్ధాంతంలో లెక్క లేదు. కన్జర్వేటివ్ రాజకీయం మీద సెటైర్ వేయాలంటే సూది గుచ్చాల్సిన చోటు ఇదే, చెంఘీజ్ మీసాలు అతికించాల్సిన అవసరం లేదు.

మన సర్కారు జిల్లాల్లో ఆ లెక్క కళ్ళముందు కనిపిస్తుంది. 1765లో క్లైవ్ మొగల్ బాదుషా దగ్గర ఫర్మానా తెచ్చుకున్నాడు, 1766లో నిజాంతో ఒప్పందం అయింది, ఇక్కడి రైతుకీ జమీందారుకీ తెలియకుండానే ఉత్తర సర్కార్లు కంపెనీ చేతిలో పడ్డాయి. పేష్కష్, అంటే కప్పం బకాయిలు కట్టమని విజయనగరం మీద ఒత్తిడి పెంచుకుంటూ పోయి చివరికి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చినవిజయరామరాజుని చంపేసింది. వైజాగ్ నుంచి బస్సులో వెళ్ళొచ్చే ఊరది. ఇంకో ఎనిమిదేళ్ళకే, 1802లో, ఈ జిల్లాలో పర్మనెంట్ సెటిల్‌మెంట్ వచ్చేసింది, ఎవరెంత కట్టాలో శాశ్వతంగా రాసేశారు. ఎనిమిదేళ్ళ కింద యుద్ధంలో తేల్చుకున్నది కాగితం మీదకెక్కి హక్కు అయిపోయింది, వందేళ్ళు తిరిగేసరికి అదే అనాదిగా వస్తున్న సంప్రదాయం అని వాదించే స్థాయికి వచ్చింది. దాన్ని ఎత్తేయడానికి 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రావాల్సొచ్చింది.

ఇందులో విజయనగరం వారినీ ఒట్టి బాధితులుగా చూపిస్తే అబద్ధమవుతుంది. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాపతి బుస్సీ ఫిరంగులతో కలిసి బొబ్బిలి కోట మీదకి వెళ్ళింది వాళ్ళే, ఆ యుద్ధం తర్వాతే తాండ్ర పాపారాయుడు వాళ్ళ విజయరామరాజుని గుడారంలో పొడిచి చంపాడు. అటు ఫ్రెంచివాళ్ళు, ఇటు ఇంగ్లీషువాళ్ళు, మధ్యలో ఒకరినొకరు మింగాలని చూసుకున్న సంస్థానాలు. నూట డెబ్బై అయిదేళ్ళ తర్వాత బొబ్బిలి రాజా జస్టిస్ పార్టీ తరఫున 1932లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని అయ్యాడు, 1937 ఎన్నికల్లో తన సొంత బొబ్బిలిలోనే వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. పాత కోట పేరుతో ఓటు అడిగే రాజకీయానికి జనం బ్యాలెట్ మీద ఇచ్చిన జవాబు అది, ఏ కార్టూన్ కన్నా సూటిగా తగిలింది.

కానీ ఇక్కడ కూడా అందర్నీ ఒకే గాటన కట్టేస్తే తప్పే. 1959లో రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీ మన దేశంలో పద్ధతిగా నడిచిన కన్జర్వేటివ్ పార్టీ, పర్మిట్ లైసెన్స్ రాజ్ వద్దు, సహకార వ్యవసాయం పేరుతో రైతు భూమి లాక్కోవద్దు అని వాదించింది, 1967లో లోక్‌సభలో 44 సీట్లు తెచ్చుకుంది. మహారాజులు చాలామంది అందులో చేరారు కాబట్టి రాజుల పార్టీ అని ఎగతాళి చేశారు, ఆ ఎగతాళి సగమే కరెక్ట్. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు ఎన్.జి.రంగా, గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి, అంతకుముందు దశాబ్దాల్లో జమీందారుల మీద రైతుల్ని కూడగట్టినవాడు. జమీందారుకి వ్యతిరేకంగా పోరాడినాయనే నెహ్రూ ప్రభుత్వానికి వ్యతిరేకంగా రైతు సొంత భూమి కోసం నిలబడ్డాడు, ఆయన దృష్టిలో రెండూ ఒకటే పని. మరోవైపు విజయనగరం పూసపాటి వంశంలో పుట్టిన పి.వి.జి.రాజు సోషలిస్టు అయ్యాడు. జమీందారుని ఎదిరించినాయన కుడిపక్కన, జమీందారు వంశంలో పుట్టినాయన ఎడమపక్కన కూర్చున్నారు అన్నమాట, చెంఘీజ్ కొలబద్ద పట్టుకుని వీళ్ళిద్దర్నీ కొలవడం ఎవరి తరమూ కాదు.

సెటైర్ తన పని తను చేస్తుందా అన్నది ఇంకో పెద్ద ప్రశ్న, ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఉంది. క్రూరుడు అనే తిట్టు కొంతమంది లీడర్లకి తిట్టులా తగలదు. 1976 జనవరిలో సోవియట్ సైన్యం పత్రిక మార్గరెట్ థాచర్‌ని ఐరన్ లేడీ అని వెక్కిరించింది, అప్పటికి ఆమె ఇంకా ప్రతిపక్ష నాయకురాలే. వారం తిరిగేసరికి ఆమె ఒక మీటింగ్‌లో ఆ పేరు తనే తీసుకుని మెడలో హారంలా వేసుకుంది, 1979లో ప్రధాని అయింది, ఆ పేరు ఆమె పక్కన చివరిదాకా ఉంది. 2009లో అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ రీసెర్చర్లు స్టీఫెన్ కోల్బెర్ షో మీద ఒక పరిశోధన చేశారు. కోల్బెర్ అప్పట్లో మొండి కన్జర్వేటివ్ యాంకర్ వేషం వేసి కన్జర్వేటివ్‌లని ఆటపట్టించేవాడు. లిబరల్స్‌కీ కన్జర్వేటివ్‌లకీ ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ కన్జర్వేటివ్ ప్రేక్షకులు లిబరల్స్ కన్నా ఎక్కువగా, ఇతను పైకి జోక్‌లాగా నటిస్తున్నాడు గానీ లోపల మన మాటే అంటున్నాడు అనుకున్నారు. ఎవరి మీద బాణం వేశారో వాళ్ళు దాన్ని పువ్వు అనుకుని జేబులో పెట్టుకున్నారు.

వైజాగ్‌లో జగదాంబ జంక్షన్ దగ్గరో మద్దిలపాలెంలోనో గాజువాకలోనో లీడర్ పుట్టినరోజుకి కట్టే ఫ్లెక్సీలు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కిరీటం, కవచం, చేతిలో కత్తి, గుర్రం, వెనకాల మంటలు, పక్కన సింహం. ఏ పార్టీ అన్నది లెక్కలేదు, అందరి ఫ్లెక్సీలోనూ అదే గుర్రం ఉంటుంది. ఇవి ఫ్యాన్స్ ప్రేమతో కట్టినవి, ఎగతాళికి కట్టినవి కావు. ఇలాంటి ఊళ్ళో ఒక లీడర్ని చెంఘీజ్ ఖాన్ అని వెక్కిరిస్తే వాళ్ళ అభిమానులు ఆ ఫొటోని డీపీగా పెట్టుకుంటారు. వార్డు సచివాలయంలో పెన్షన్ ఎందుకు ఆగింది, ఆ కాలువ పూడిక ఎందుకు తీయలేదు అని అడిగే వెటకారానికి మాత్రం కిరీటం తొడగలేరు, అందుకే అది తగులుతుంది.

విజేతని కన్జర్వేటివ్‌లే తమంతట తాము తలకెత్తుకున్న సందర్భాలు ఉన్నాయి, అక్కడ జోక్ వేయనక్కర్లేదు, వాళ్ళ మాటలే చాలు. 1900 జూలై 27న జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ చైనా వెళ్తున్న సైనికులకి బ్రెమర్‌హాఫెన్ రేవులో ఉపన్యాసమిస్తూ, అట్టిలా కాలంలో హూణులు ఎలా పేరు తెచ్చుకున్నారో మీరూ చైనాలో అలా పేరు తెచ్చుకోవాలి, ఎవర్నీ వదలొద్దు అన్నాడు. పద్నాలుగేళ్ళ తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ పోస్టర్లు జర్మన్లందర్నీ హూణులు అని తిట్టాయి, ఆ తిట్టుకి మందు అందించింది వాళ్ళ చక్రవర్తే.

అంతకన్నా ఘోరమైనది 1933. ఫాన్ పాపెన్ లాంటి జర్మన్ కన్జర్వేటివ్‌లు హిట్లర్‌ని ఛాన్సలర్ని చేస్తే అతని జనం మన వెనక ఉంటారు, పగ్గాలు మన చేతిలో ఉంటాయి అని లెక్కేసుకుని జనవరి 30న గద్దెనెక్కించారు. ఏడాదిన్నర తిరక్కుండా, 1934 జూన్ 30న మొదలైన ఊచకోతలో, పాపెన్ సొంత సహాయకులు ఫాన్ బోజెనీ ఎడ్గార్ యుంగ్‌నీ నాజీలు చంపేశారు. కన్జర్వేటివ్ వేరు, దండెత్తేవాడు వేరు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు, ఆ తేడాని మర్చిపోయి అతన్ని పిలిచి కూర్చోబెట్టింది కన్జర్వేటివ్‌లే అన్నదీ అంతే నిజం. ఈ రెండు నిజాలూ కలిపి పట్టుకోవాలి, ఒక్కటే పట్టుకుంటే ప్రచారం అవుతుంది. చాప్లిన్ 1940లో భూగోళం బెలూన్‌తో ఆడుకునే నియంతగా నటించి ప్రపంచాన్ని నవ్వించాడు, నాజీ క్యాంపుల్లో జరిగిన అసలు ఘోరం అప్పటికే తెలిసి ఉంటే ఆ సినిమా తీయగలిగేవాణ్ణి కాదని తర్వాత తన ఆత్మకథలో రాశాడు. క్రూరుడి మీద నవ్వడానికి ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దు చనిపోయినవాళ్ళ దగ్గర ఉంటుందని ఆ నవ్వించిన మనిషే ఒప్పుకున్నాడు.

ఈమధ్య దశాబ్దాల్లో విజేతలు విగ్రహాలై తిరిగొస్తున్నారు. తాష్కెంట్‌లో కార్ల్ మార్క్స్ ఉన్న చోట 1993లో తైమూర్, అదే శ్రీశ్రీ చెప్పిన తామర్లేన్, గుర్రమెక్కి నిలబడ్డాడు, 1398లో ఢిల్లీని ఊచకోత కోసినవాడు ఉజ్బెకిస్తాన్ అనే కొత్త దేశానికి జాతిపిత. మంగోలియాలో సోవియట్ నీడ ఉన్నంతకాలం చెంఘీజ్‌ని పొగడటాన్ని నేరంలా చూసేవారు, 1962లో అతని ఎనిమిది వందల ఏళ్ళ వేడుకలు జరిపించిన నాయకుడు తొమొర్ ఒచిర్‌ని పదవి నుంచి తోసేశారు, ఇప్పుడు 40 మీటర్ల ఎత్తు స్టీల్ చెంఘీజ్ గుర్రం మీద ఉన్నాడు. నలిగిపోయిన దేశానికి ఒక పెద్ద తాత కావాలనిపించడం అర్థం చేసుకోదగ్గదే, ఆ తాత చేతిలో నలిగిన ఊళ్ళ మనవలు ఇంకో దేశంలో ఉన్నారన్నది మాత్రం విగ్రహం కింద పలకం మీద రాయరు.

మనదగ్గరా ఇదే చిక్కు. సింహాచలం గుడిలో 1516 నాటి కృష్ణదేవరాయల శాసనం ఉంది, ఒడిశా గజపతులని ఓడించుకుంటూ వచ్చి స్వామికి నగలు సమర్పించాడు, పొట్నూరులో జయస్తంభం వేయించాడు. ఇవాళ అది తెలుగువాళ్ళందరికీ గర్వం, కానీ ఆరోజు ఈ నేల గజపతుల రాజ్యం, ఇక్కడి ఊళ్ళకి వచ్చింది దక్షిణం నుంచి దండయాత్ర. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు విశాఖకి కులోత్తుంగచోళపట్టణం అని శాసనాల్లో పేరుండేది. ఆ చోళ చక్రవర్తి కులోత్తుంగుడి సేనాపతి కరుణాకర తొండైమాన్ కళింగాన్ని గెలిచినందుకు జయంకొండార్ తమిళంలో కళింగత్తుప్పరణి రాశాడు. అందులో ఆకలితో అల్లాడే పిశాచాలు కళింగ యుద్ధభూమిలో శవాలతో గంజి కాచుకుని కాళికి పెట్టి, కడుపునిండా తాగి, ఈ విందు ఇచ్చిన రాజుని దీవిస్తాయి. పారిపోతున్న కళింగ సైనికులు సన్యాసుల వేషాలు వేసుకుంటారు. కవి రాజుని పొగడాలనే రాశాడు, కానీ ఇవాళ ఉత్తరాంధ్రలో కూర్చుని చదివితే దండయాత్ర మీద ఇంత భయంకరమైన వ్యంగ్యం ఇంకోటి కనపడదు, దండయాత్ర వల్ల నిజంగా కడుపు నిండింది పిశాచాలకే అని ఆ పద్యాలే చెప్తున్నాయి. ఇంకో చిత్రం, ఆ కులోత్తుంగుడు ఎవరో పరాయివాడు కాదు, నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజరాజనరేంద్రుడి కొడుకే. మనవాడు, పరాయివాడు అని విజేతల్ని విడదీసి మనవాడికి ఫ్లెక్సీ కట్టి పరాయివాడిని తిట్టే రాజకీయం ఈ తీరంలో రెండడుగులు కూడా వేయలేదు.

చెంఘీజ్, హిట్లర్ జోక్‌ల పక్కన మనదగ్గర తుగ్లక్ జోక్ కూడా ఉంది, దాని గుణం వేరు. 2019 డిసెంబరులో విశాఖని పరిపాలనా రాజధానిగా చేసే మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ప్రతిపక్షాలు ఏకధాటిగా తుగ్లక్ పాలన అన్నాయి. 1327లో దౌలతాబాద్‌కి రాజధాని మార్చిన సుల్తాను పేరు వైజాగ్ టీ కొట్ల దగ్గర ఏళ్ళ తరబడి నలిగింది. హిట్లర్ జోక్ అణచివేసేవాడి మీద పడుతుంది, తుగ్లక్ జోక్ కుదురుగా ఉన్నదాన్ని కదిపేవాడి మీద పడుతుంది, అంటే అది పుట్టుకతోనే కన్జర్వేటివ్ జోక్. మద్రాసులో చో రామస్వామి 1970లో తుగ్లక్ అనే పేరుతోనే పత్రిక పెట్టి కుడిపక్షం వైపు నుంచి అందర్నీ చెండాడాడు, కాబట్టి వ్యంగ్యం ఎడమపక్షం సొత్తు అనుకునేవాళ్ళు చో దగ్గర ఆగాలి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, తుగ్లక్ అన్న ఒక్క మాటతో చర్చ అయిపోయినట్టే అయింది. ఉత్తరాంధ్ర వెనకబాటు నిజమా కాదా, అమరావతికి భూములిచ్చిన రైతులకి రాసిచ్చిన మాట ఏమవుతుంది, ఆఫీసులు మారితే ఎవరికి ఉద్యోగం వస్తుంది అన్న ప్రశ్నలు ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. సుల్తాను పేరు తగిలించగానే వాదన గెలిచేశామన్న తృప్తి రెండు వైపులా వచ్చేసింది.

భీమిలి రోడ్డులో తొట్లకొండ, బావికొండ ఎక్కేవాళ్ళు అశోకుణ్ణి తలుచుకుంటారు. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షా యాభైవేల మందిని తరలించుకుపోయామని, అందుకు బాధపడుతున్నానని అతను 13వ శిలాశాసనంలో చెప్పుకున్నాడు. ఆ శాసనం దేశంలో వేరేచోట్ల ఉంది గానీ కళింగంలోని ధౌలి, జౌగడల్లో లేదు. దెబ్బతిన్న జనం ముందు ఆ పశ్చాత్తాపం చెక్కించలేదు. దాని బదులు అక్కడ వేరే శాసనాలు చెక్కించి, ఏ కారణం లేకుండా మనుషుల్ని బంధించొద్దు, హింసించొద్దు, అసూయ, కోపం, సోమరితనం లేకుండా పనిచేయండి అని తన అధికారులకి ఆజ్ఞలిచ్చాడు. గెలిచినవాడి మనసు మారిందా లేదా అన్నది జౌగడ మనిషికి తెలిసే దారి లేదు, ఊరి అధికారి రేపు తలుపు కొడతాడా లేదా అన్నదే అతనికి కావాల్సింది.

విశాఖ లాయరు రాచకొండ విశ్వనాథశాస్త్రి వ్యంగ్యం అంత పదునుగా ఉండటానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆయన చక్రవర్తుల జోలికి పోలేదు. సారా కథల్లో ఆయన పట్టుకున్నది పోలీసుని, ప్లీడరుని, కోర్టు గుమాస్తాని, మద్యనిషేధం పేరుతో బతికే పెద్దమనుషుల్ని, వాళ్ళ కింద నలిగే పేదోళ్ళని. అందులో ఎవరూ గుర్రమెక్కి రారు, ఎవరికీ కిరీటం ఉండదు, ఎవరి ఫొటో తీసి ఫ్లెక్సీ కట్టడానికీ పనికిరాదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఆ స్టేషను అలాగే ఉంటుంది, ఆ కేసు అలాగే రాస్తారు. ఆయన పోయి మూడు దశాబ్దాలు దాటినా ఆ కథల్లోని మనిషి ఇప్పటికీ వన్‌టౌన్‌లో దొరుకుతాడు.